తిరగని రాయి

నమోదు 1141

టెలిస్కోపు గుంత. కాపలా తాయారు. అద్దం శుభ్రంగా ఉంది. మా రాతి ఊరు కందగడ్డ మీదికి దూసుకొచ్చే రాళ్ళేవీ లేవు. మా తమ్ముడు నూకరాజు పంపిన ఉప్మా చల్లారి గట్టిపడిపోయింది. రాళ్ళ లెక్కలో దాన్ని కూడా వేసుకోవచ్చు.

ఇక ఇవాళ్టి అసలు సంగతి. మా మరదలు కస్తూరికి నెలలు నిండాయి. ఇంట్లో ఉక్కగా ఉందని రోజూ నా గుంతలోకి వచ్చి కూర్చుంటోంది. ఇక్కడ చల్లగా ఉంటుంది, పైగా నేను అదే పనిగా మాట్లాడించను. రెండూ తనకి నచ్చాయట. ఎండు ఉసిరి ముక్కలు చప్పరిస్తూ తెర మీద చుక్కల్ని చూస్తూ కూర్చున్న మనిషి ఉన్నట్టుండి, "వదినా, ఈ చుక్క నిన్న ఇక్కడ లేదండీ" అంది.

నేను నవ్వాను. ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తున్నదాన్ని, కాకినాడలో పుట్టి, పెళ్ళి చేసుకుని మొన్న మొన్న ఇక్కడికొచ్చిన పిల్ల నాకు చెప్పొచ్చిందా అనుకున్నాను. తీరా నిన్నటి బొమ్మ, ఇవాళ్టి బొమ్మ పక్కపక్కన పెట్టి చూస్తే చుక్క నిజంగానే జరిగింది. ఉన్న జాబితాలన్నీ తిరగేశాను. కుజుడికీ గురుడికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరుగుతున్న లక్షల రాళ్ళలో ఒకదాని మీద మేం కాపురం ఉంటున్నాం. మిగతా లక్షల్లో ఈ రాయి ఎక్కడా లేదు. కొత్తది.

"అమ్మాయ్, నువ్వు రాయి కనిపెట్టావే!" అన్నాను. కుళ్ళు కాస్త ఉంది, సంతోషం అంతకన్నా ఎక్కువ ఉంది.

కస్తూరి పొట్ట మీద చెయ్యేసుకుని చాలాసేపు తెర వంకే చూసింది. "అయితే ఇది దీనిదేనండి," అంది.

నమోదు 1149

ఆడపిల్ల! నేను మేనత్తనయ్యాను. కాపలా బాధ్యత అరపూట వేరేవాళ్ళకి అప్పగించి వెళ్ళి చూసొచ్చాను. పాప నిద్రపోతోంది. ముక్కు నాది. ఈ విషయంలో మా అమ్మతో వాదన జరిగింది, నేనే గెలిచాను.

పురిటి స్నానం అయ్యీ అవగానే రాతి సిద్ధాంతి కామావధాని గారు వచ్చేశారు. ఊళ్ళో పిల్ల పుట్టిందంటే ఆయనకి పండగ. మా కందగడ్డలో ప్రతి మనిషికీ ఒక రాయి, ప్రతి రాయికీ ఒక మనిషి. ఇద్దరికీ ఒకటే పేరు. ఆ రాయి గుణాలు చూసి ఆయన జాతకం చెబుతారు. బొగ్గు రాయైతే మనసులో మాట బయటపెట్టదు, ఇసుక రాయైతే ముక్కు మీద కోపం, ఇనుప రాయైతే పట్టిన పట్టు వదలదు. నేనైతే ఇవి నమ్మను. కానీ మా నూకరాజు రాయి ఒక్కసారి తిరగడానికి పదిరోజులు తీసుకుంటుంది, వాడు స్నానానికి వెళ్ళినా అంతే. తాయారు అనే రాయి ఎప్పుడు ఎటు దొర్లుతుందో ఎవరికీ అంతుపట్టదు. దాని గురించి ఊళ్ళోవాళ్ళు ఏమంటారో ఇక్కడ రాయను.

"మూడు కావాలి తాయారమ్మా," అన్నారు సిద్ధాంతి గారు, నాకు తెలియనట్టు. "దారి, రంగు, తిరుగుడు. ఈ మూడూ తేలితేనే రాయి మనదైనట్టు, బారసాల జరిగినట్టు. పాప తనంతట తాను బోర్లా పడేలోపే సుమా!"

"తేలకపోతేనండీ?" కస్తూరి అడిగింది.

"ఏముందమ్మా, మన మిగులు రాళ్ళలో వరసలో మొదటున్నది ఇస్తాం. దాని పేరే పిల్ల పేరు. ప్రస్తుతం మొదటున్నది..." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "చింతపిక్క."

మా అమ్మ ఆదెమ్మ చేతిలో ఉన్న బాలింత కాయం గిన్నె గాల్లో వదిలేసింది. ఇక్కడ బరువు నామమాత్రం కాబట్టి అది కింద పడలేదు గానీ, కాయమంతా ముద్దలు ముద్దలుగా ఇల్లంతా తిరిగింది. ఏ శూరుడో పూర్వం ఆ పిసరంత రాయిని చూసి ముచ్చటపడి పెట్టిన పేరట. నా మేనకోడలు జీవితాంతం చింతపిక్క అనిపించుకోవాలా? నేను ఉండగానా?

నమోదు 1163

దారి తేలింది. కొత్త రాయి మన కందగడ్డకి కాస్త అవతలగా, సూర్యుడి చుట్టూ దాదాపు గుండ్రటి దారిలో పోతోంది. ఒక చుట్టు తిరిగి రావడానికి భూమి లెక్కలో అయిదేళ్ళు పైచిలుకు.

రంగూ తేలింది. బొగ్గు రాయి. పడిన వెలుగులో పిసరంతే వెనక్కి పంపుతోంది, మిగతాదంతా మింగేస్తోంది. అంత నల్లగా ఉండి కూడా మనకి కనబడుతోందంటే చిన్నదేం కాదు, మన కందగడ్డకి చెల్లెలంత ఉంటుంది. లోపల తడి ఉన్న జాడ కూడా ఉంది.

ఇంక తిరుగుడు ఒక్కటే. అది సులువు. ఏ రాయీ బంతిలా గుండ్రంగా ఉండదు. తిరిగేటప్పుడు అడ్డంగా కనబడితే వెలుగు పెరుగుతుంది, కొసవైపు కనబడితే తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులు చూసుకుంటూ పోతే ఎంతసేపటికి ఒకసారి తిరుగుతోందో చెప్పేయొచ్చు. కస్తూరితో కూడా అదే అన్నాను. "నాలుగు రోజుల పని. బొబ్బట్లకి పప్పు నానబోసుకోండి."

నమోదు 1180

మరీ తొందరపడ్డాను.

పూట పూటకీ చూస్తున్నాను. ఒకటే వెలుగు. పెరగదు, తగ్గదు. నిన్న ఒక్కసారి కాస్త మసకగా కనిపిస్తే సంబరపడ్డాను, మళ్ళీ మరుసటి పూటకి మామూలే. అద్దం మీద దుమ్మై ఉంటుందని అంతా విప్పి తుడిచాను. తుడిచాక కూడా అదే వెలుగు.

సిద్ధాంతి గారు వచ్చి చూసి పెదవి విరిచారు. "నాడి లేని రాయి తాయారమ్మా. గుండ్రంగా నున్నగా గోళీలా అయినా ఉండాలి, లేదా అసలు తిరగకుండా అయినా ఉండాలి. రెండూ జరగవు. తిరుగుడు తేలకుండా నేను పేరు రాయలేను."

ఆయన్ని అని ప్రయోజనం లేదు. నియమం ఆయన పెట్టింది కాదు. అయినా నాలుగు మాటలు అనే పంపించాను.

పని దిగాక రోజూలాగే మేనకోడల్ని చూడ్డానికి వెళ్ళాను. నిద్రపోతోంది. ఎంత బుద్ధిమంతురాలో! నేను వెళ్ళిన ప్రతిసారీ ఇలాగే, చప్పుడు లేదు, గొడవ లేదు. "నా పోలికే," అన్నాను. మా అమ్మ, కస్తూరి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి అసూయ.

నమోదు 1192

ఇవాళ పాప బోర్లా పడింది!

ఊరంతా అదిరిపోయింది. సిద్ధాంతి గారు భోజనం మధ్యలో లేచి చెయ్యైనా కడుక్కోకుండా వచ్చారు. విచారణ మొదలైంది. ఎవరు చూశారు? మా అమ్మ చూసింది. ఎలా పడింది? తుమ్మింది, గిర్రున తిరిగింది, వల ఉయ్యాలలో బోర్లా తేలింది. తుమ్ముకి తిరిగితే లెక్కలోకి రాదని పెద్దల కాలం నుంచీ ఉంది, ఎందుకంటే ఇక్కడ తుమ్మితే నేనైనా తిరుగుతాను. "తనంతట తాను, కావాలని తిరగాలి," అని తీర్పు చెప్పి ఆయన మళ్ళీ భోజనానికి వెళ్ళిపోయారు.

అందరూ నవ్వుకున్నారు. కస్తూరి నవ్వలేదు.

సాయంత్రం ఊరందరి భోజనాల గదిలో నేను తన పక్కన కూర్చున్నాను. అంటే అతిథుల బల్ల దగ్గర. కస్తూరి భూమ్మీద పుట్టింది, తనకి రాయి లేదు. రాయి లేనివాళ్ళ కంచం అతిథుల బల్ల మీదే పెడతారు. పెళ్ళయ్యి మూడేళ్ళయినా అక్కడే పెడుతున్నారు. నూకరాజు కూడా తన కంచం పట్టుకుని అక్కడికే వచ్చి తింటాడు, వాడిలో నాకు నచ్చే గుణాల్లో అదొకటి. ఏటా ఊరి పండగనాడు ఒక్కొక్క రాయి పేరూ పిలుస్తుంటే మేమంతా ఒక్కొక్కరం లేచి పలుకుతాం. కస్తూరి చప్పట్లు కొడుతుంది.

"నాకు లేకపోతే పోయిందండి వదినా," అంది, కూర కలుపుకుంటూ. "దానికైనా నేను చూసిన రాయి ఉండాలని. మిగులు రాయి ఇస్తే, అది కూడా సగం అతిథే కదండీ."

ఏదో ఒకటి చేస్తానని మాటిచ్చేశాను. ఏం చేస్తానో మాత్రం తెలీదు.

నమోదు 1196

దొరికింది! దొరికింది! దొరికింది!

వరసగా రాస్తాను. గుంతలో నీటి గొట్టం కారడం మొదలుపెట్టింది. బిగించే పానా నూకరాజు దగ్గరుంది. పని మధ్యలో, ఎన్నడూ వెళ్ళని వేళలో వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తెరవకముందే వినబడింది. గోడలు అదిరేలా ఒకటే ఏడుపు. లోపల మా మేనకోడలు ఎర్రగా కందిపోయి, రెండు పిడికిళ్ళూ బిగించి, ఊరు ఏకం చేస్తోంది. నూకరాజు ఎత్తుకుని గోడ నుంచి గోడకి ఈదుతున్నాడు. కస్తూరి పాట పాడుతోంది. మా అమ్మ చెవుల్లో దూది.

"ఏమైందే దీనికి?" అన్నాను కంగారుగా.

"ఏం కాలేదక్కా," అన్నాడు నూకరాజు. "రోజూ ఈ వేళకి ఇంతే."

"రోజూనా? ఇది ఏడవడమే నేనెప్పుడూ చూడలేదే!"

మా అమ్మ దూది తీసి మరీ చెప్పింది. "నువ్వు రోజూ అది పాలు తాగి పడుకున్న వేళకే వస్తావు కదే. వచ్చి, చూసి, బుద్ధిమంతురాలని మెచ్చుకుని పోతావు. మిగతా మూడు పూటలూ ఇక్కడ మా బతుకు ఎవడు చూశాడు?"

నేను గుమ్మంలోనే ఉండిపోయాను. నేను రోజూ ఒకే వేళకి చూస్తున్నాను. పాపనీ, రాయినీ కూడా!

నా టెలిస్కోపు లోతైన గుంతలో ఉంది. కందగడ్డ ఒక్కసారి తిరిగితే ఒక పూట, నాలుగు పూటలైతే ఒక రోజు. మా గడియారాలు, మా భోజనాలు, మా నిద్రలు అన్నీ ఆ తిరుగుడుతోనే నడుస్తాయి. పూటకొకసారి మాత్రమే ఆ రాయి నా గుంత నోటికి ఎదురుగా వస్తుంది, కాసేపు కనబడి దాటిపోతుంది. ఆ రాయి కూడా సరిగ్గా మాలాగే పూటకొకసారి తిరుగుతుంటే? నేను చూసిన ప్రతిసారీ అది అదే మొహం చూపిస్తుంది. వెలుగు ఎలా మారుతుంది? భూమి గడియారంతో బతికే ఏ పిల్లైనా రెండు రోజుల్లో పట్టేసేది. ఇల్లు తిరిగినట్టే గడియారం తిరిగే ఊళ్ళో పుట్టినదాన్ని, నాకెలా తడుతుంది?

"రాయి తిరుగుతోంది," అన్నాను. "మనతో పాటే తిరుగుతోంది!"

ఏడుస్తున్న పాప కూడా ఒక్కక్షణం ఆపి నా వంక చూసింది. పానా తీసుకోవడం మరిచిపోయి వచ్చేశాను. గొట్టం ఇంకా కారుతోంది.

నమోదు 1198

అనుకోవడం వేరు, తేల్చడం వేరు. ఆ రాయిని పూటంతా కన్నార్పకుండా చూడాలి. గుంతలోంచి అది కుదరదు. టెలిస్కోపుని గుంతలోంచి తీసి బయట నేల మీద పెట్టినా, సగం పూటకల్లా కందగడ్డ తిరిగిపోయి రాయి అంచు కిందకి జారిపోతుంది.

ఉన్న దారి ఒక్కటే. కందగడ్డ ఒకవైపు తిరుగుతుంటే మనం టెలిస్కోపు మోసుకుంటూ రెండోవైపు నడవాలి. ఊరి చుట్టూ మరమ్మతుల వాళ్ళు కట్టిన తాడు ఉంది. దాన్ని పట్టుకుని తాపీగా నడిస్తే పూటకి ఒక ప్రదక్షిణ అవుతుంది. అలా నడిస్తే నీడ మనతోనే వస్తుంది, రాయి నడినెత్తినే ఉంటుంది.

ఊరి సభలో ఈ మాట చెప్పగానే సిద్ధాంతి గారు లేచారు. "టెలిస్కోపు గుంతలోంచి ఎన్నడూ కదలలేదు!"

"ఆయ్, అందుకేనండి ఈ తంటా," అన్నాను.

జనం నవ్వారు. ఆయన కూడా నవ్వాపుకోలేకపోయారు. "అద్దానికి దెబ్బ తగిలితే ఊరికి కాపలా ఎవరు?" అన్నారు, ఈసారి మెల్లగా. న్యాయమైన ప్రశ్నే. దెబ్బ తగలనివ్వమని నేను, నూకరాజు పూచీ ఇచ్చాం. "అయితే నేనూ వస్తాను," అన్నారాయన. "సాక్షిగా. మోయడానికి కాదు."

నమోదు 1201

ఒళ్ళు హూనమైంది. చేతులు లేవడం లేదు. అయినా రాయాల్సిందే.

బయలుదేరినవాళ్ళం నలుగురం: నేను, నూకరాజు, కస్తూరి, సిద్ధాంతి గారు. పాపని మా అమ్మ దగ్గర వదిలాం. కస్తూరిని ఉండమంటే, "నా రాయండి, నేను రాకపోతే ఎలా?" అని అందరికన్నా ముందు గాలిదుస్తులు తొడుక్కుంది. 

టెలిస్కోపుకి బరువు లేదు, మొండితనం ఉంది. కదిలించడం ఒక ఎత్తు, కదిలాక ఆపడం ఇంకో ఎత్తు. మొదటి వంపు దగ్గర అది ఆగకుండా నూకరాజుని లాక్కుపోయింది. వాడు గాలిపటంలా వెనకాల ఎగురుతూ, "అక్కా, ఆపవే!" అని కేకలు. సాక్షిగా వచ్చిన సిద్ధాంతి గారు ఒక్క దూకు దూకి టెలిస్కోపు వెనక కొస పట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన వదల్లేదు. తిరిగొచ్చేదాకా మోస్తూనే ఉన్నారు.

కాస్త దూరం నడవడం, ఆగడం, పక్కన ఉన్న చుక్కలతో రాయి వెలుగు పోల్చడం, మళ్ళీ నడవడం. మొదట రోజూ చూసే వెలుగే. తర్వాత ఆగినప్పుడు కస్తూరి కన్ను పెట్టి చూసి, "వదినా, తగ్గిందండీ!" అంది. నేను చూశాను. తగ్గింది! ఇంకా నడిచాం. ఇంకా తగ్గింది. మళ్ళీ పెరిగింది, మళ్ళీ తగ్గింది, బయలుదేరిన చోటికి వచ్చేసరికి మళ్ళీ మొదటి వెలుగు. ఆనపకాయలా పొడుగాటి రాయి. అడ్డం, కొస, అడ్డం, కొస. పూటకొక తిరుగుడు. కందగడ్డకీ దానికీ జత కుదిరినట్టుంది. నాకు ఏడుపొచ్చింది. గాలిదుస్తుల్లో కన్నీళ్ళు తుడుచుకునే వీలు లేదు, కంట్లోనే ముద్దలా నిలబడి ఇబ్బంది పెట్టాయి.

ఒక్క చోట మాత్రం వెలుగు పెరుగుతూ పెరుగుతూ చటుక్కున కిందికి పడి, కాసేపాగి మళ్ళీ లేచింది. "తల అడ్డం పెట్టావా?" అని నూకరాజుని కసిరాను. "నేను ఇటువైపున్నానక్కా," అన్నాడు. నమ్మలేదు.

సరిగ్గా మూడో వంతు దారి మిగిలి ఉండగా చెవుల్లో మా అమ్మ గొంతు వినబడింది. "ఒరే, పాప బోర్లా పడిందిరా."

నలుగురం ఆగిపోయాం. టెలిస్కోపు ఆగలేదు, మళ్ళీ దాని వెనక పరిగెత్తాం. కస్తూరి మొహం టోపీ అద్దం వెనకాల తెల్లగా పాలిపోయింది. సిద్ధాంతి గారు గొంతు సవరించుకున్నారు. "ఆదెమ్మ గారూ, తనంతట తానేనా?"

మా అమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. ఈ ఊళ్ళో ఆచారం అంటే ప్రాణం పెట్టే మనిషి. ఉప్పు ఏ చేత్తో వెయ్యాలో కూడా ఆవిడకొక నియమం ఉంది.

"తుమ్ము," అంది చివరికి.

"పాప తుమ్మిందా?"

"నేను తుమ్మాను."

"మీరు తుమ్మితే పాప తిరిగిందా!"

"గట్టిగా తుమ్మానండీ," అంది మా అమ్మ. "ఉయ్యాల పక్కనే ఉన్నాను. కావాలంటే మీరొచ్చి ఉయ్యాల పక్కన పడుకోండి, మళ్ళీ తుమ్మి చూపిస్తాను."

సిద్ధాంతి గారి గాలిదుస్తుల భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతున్నారని కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. "అయితే లెక్కలోకి రాదు," అన్నారు. "నడవండి, నడవండి, రాయి జారిపోతోంది!"

నమోదు 1204

బారసాలకి ముహూర్తం పెట్టారు. పప్పు నానబోశారు. నాకు మాత్రం ఆ చటుక్కున పడిన వెలుగు మనసులో ముల్లులా ఉంది. ఇవాళ మళ్ళీ మోశాం. ఈసారి మొయ్యడానికి ఊళ్ళో పోటీ పడ్డారు, వద్దన్నా పదిమంది వచ్చారు. నూకరాజు బొబ్బట్లకి బెల్లం దంచుతూ ఇంట్లోనే ఉన్నాడు.

వెలుగు మళ్ళీ పడింది. ఇంకో చోట, అంతే లోతున, అంతసేపే.

నూకరాజుకి క్షమాపణ చెప్పాను. వాడు చెవులు సరిగ్గా వినబడలేదని రెండోసారి చెప్పించుకున్నాడు.

లెక్కలన్నీ ముందు పెట్టుకుని నేను, కస్తూరి, సిద్ధాంతి గారు కూర్చున్నాం. గుంతలో ఒకసారి మసకగా కనిపించి దుమ్మనుకున్నానే, అది కూడా కలిపి చూశాం. ముందుగా నోరు తెరిచింది కస్తూరే. "దాని ముందునుంచి ఇంకేదో వెళ్తోందండి. చిన్నది. దాని చుట్టూనే తిరుగుతోంది."

అవును. అదే. రాయి ఒకటి కాదు. పెద్ద రాయి, దాన్ని అంటిపెట్టుకుని తిరిగే బుల్లి రాయి. అప్పుడప్పుడూ చిన్నది పెద్దదానికి అడ్డం వస్తోంది.

సిద్ధాంతి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "ఒక మనిషికి ఒకటే రాయి," అన్నారు. "రెండు రాళ్ళు ఒక పిల్లకి రాయలేను." అంతే అన్నారు. ఏదో ఆలోచించుకుంటూ వెళ్ళిపోయారు. మళ్ళీ ఏం మెలిక పెడతారో అని నాకు ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

నమోదు 1207

బారసాల అయింది. ఊరంతా వచ్చింది. బొబ్బట్లు రెండు పలకల మధ్య అదిమి కాల్చాం, అయినా మూడు తప్పించుకుని దీపాల దగ్గరికి పోయాయి.

సిద్ధాంతి గారు లేచి రాయి గుణాలు చదివారు. దారి, రంగు, తిరుగుడు. తర్వాత, "ఇందులో రెండు రాళ్ళున్నాయి," అన్నారు. "చిన్నది పెద్దదాన్ని వదలకుండా తిరుగుతోంది. కాబట్టి చిన్నది పిల్లది. పెద్దది ఎవరిదో నన్ను అడగకండి. నాకు కళ్ళున్నాయి, మీకూ ఉన్నాయి."

కస్తూరి తన గురించి చెబుతున్నారని ఇంకా గ్రహించలేదు, పాప చెంపకి అంటిన పసుపు తుడుస్తోంది. మా అమ్మ లేచింది. అతిథుల బల్ల దగ్గరికి వెళ్ళి, కస్తూరి కంచం తీసుకుని, తెచ్చి మా బల్ల మీద తన కంచం పక్కన పెట్టింది. పెట్టి, అది ఎగిరిపోకుండా చేత్తో నొక్కి పట్టుకుని నిలబడింది.

పాప పేరు కస్తూరి ముందే అనుకుని ఉంది. కోరంగి. కాకినాడ దగ్గర ఏరు సముద్రంలో కలిసే చోటట, చిన్నప్పుడు వాళ్ళమ్మ పడవలో తీసుకెళ్ళేదట. ఏరు ఎలా ఉంటుందో, పడవ ఎలా ఊగుతుందో మాలో ఎవరికీ తెలీదు. "చింతపిక్క కన్నా నయమే," అంది మా అమ్మ. అది ఆవిడ మెచ్చుకోలు.

పేరు చెవిలో చెప్పవలసింది మేనత్త. వంగి, పాప చెవిలో మూడుసార్లు కోరంగి అన్నాను. అది నా ముక్కు పట్టుకుంది. ముక్కు ఎవరిదో దానికి తెలుసు.

తర్వాత పెద్ద రాయి పేరు. అది కూడా చెవిలో చెప్పాలి, అప్పుడే ఆ మనిషిది అవుతుంది. కానీ కస్తూరి మేనత్త కాకినాడలో ఉంది. సిద్ధాంతి గారు పుస్తకాలు తిరగేస్తానన్నారు. నేను ఆగలేదు. ఆడపడుచుని కదా, నాకు ఆ మాత్రం హక్కు లేదా? వెళ్ళి, జుట్టు పక్కకి తీసి, చెవి దగ్గర నోరు పెట్టాను.

"కస్తూరి," అన్నాను. "కస్తూరి. కస్తూరి."

పుట్టినప్పటి నుంచీ అందరూ పిలుస్తున్న పేరే. అయినా మొదటిసారి వింటున్నట్టు విన్నది. కళ్ళు మూసుకుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇప్పటికీ వేళ్ళు నొప్పి పుడుతున్నాయి.

"ఇంకొక్కసారి చెప్పండి వదినా," అంది.

ఆచారం మూడుసార్లే. నేను నాలుగోసారీ చెప్పాను.